ఓడినవాళ్ల ఓడ

మన టీవీలో సీరియల్ మొదలవడమే గానీ ఆగడం అరుదు. అది మొదలైన ఏడు బళ్లో చేరిన పిల్ల, అది ముగిసేసరికి హైస్కూలుకి వచ్చేస్తుంది. ఈలోపు అత్తగారి వేషం ఇద్దరు ముగ్గురి చేతులు మారుతుంది. ‘ఇకనుంచి ఈ పాత్రలో ఫలానావారు’ అని తెర అడుగున ఒక లైను పడుతుంది, కథ నడుస్తూనే ఉంటుంది. సీరియల్ అకాలమరణం పాలవడమంటే ఏమిటో, దానికోసం ఏళ్లతరబడి కుమిలిపోవడమంటే ఏమిటో మనకి పెద్దగా అలవాటు లేదు. మన బాధల్లా ఇంకా అవలేదే అని.

అమెరికాలో వ్యవహారం వేరు. అక్కడ వారానికో ఎపిసోడు. చూసేవాళ్లు చాలకపోతే మొహమాటం లేకుండా మధ్యలో ఆపేస్తారు. అలా పోయినవాటిలో బాగా పేరుపడ్డది ‘ఫైర్‌ఫ్లై’. 2002 సెప్టెంబరు 20న ఫాక్స్ నెట్‌వర్క్‌లో మొదలైంది, డిసెంబరు 20తో సరి. తీసినవి 14 ఎపిసోడ్లు, ఫాక్స్ వేసినవి 11. అదీ శుక్రవారం రాత్రి, ఇలాంటివి చూసే కుర్రకారు ఇళ్లలో ఉండని వేళ. అన్నిటికన్నా విచిత్రం ఇంకోటుంది. రచయిత జాస్ వీడన్ మనుషుల్ని ఒక్కొక్కరినే ఓడెక్కిస్తూ మొదటి ఎపిసోడుగా రెండు గంటల కథ రాసుకున్నాడు. అందులో హడావుడి చాలదని చానల్‌వాళ్లు దాన్ని పక్కనపెట్టి, రైలు దోపిడీ కథతో ఎత్తుకున్నారు. ఆ పరిచయాల కథని అన్నిటికన్నా ఆఖర్న, సీరియల్ ఆగిపోయిన రోజున వేశారు. పెళ్లయ్యాక శుభలేఖ అందినట్టు.

కథాకాలం 2517. భూమిని మనుషులు వాడుకుని వాడుకుని ఖాళీ చేసేసి, వేరే నక్షత్రం చుట్టూ ఉన్న గ్రహాలకి వలసపోయారు. నడిమధ్య గ్రహాల్లో డబ్బూ మందులూ అద్దాల మేడలూ ఉంటాయి. అక్కడి ప్రభుత్వం పేరు అలయన్స్. అంచు గ్రహాల్లో దుమ్ము, గుర్రాలు, నాటు తుపాకులు. అంచులవాళ్లు మేం మీ కింద ఉండమన్నారు, యుద్ధం జరిగింది, ఓడిపోయారు. ఓడిన పక్షాన సార్జెంటుగా పోరాడిన మాల్ రెనాల్డ్స్ ఒక పాత సరుకు ఓడ కొనుక్కుని, తన యుద్ధం ఏ లోయలో ముగిసిందో ఆ లోయ పేరే దానికి పెట్టుకున్నాడు: సెరెనిటీ. ఎవరైనా గెలిచిన చోటు పేరు పెట్టుకుంటారు. ఈయన రోజూ పొద్దున లేచి తన ఓటమిలోనే పళ్లు తోముకుంటాడు.

వీడన్‌కి ఈ ఊహ మైకేల్ షారా రాసిన ‘ది కిల్లర్ ఏంజెల్స్’ చదివాక వచ్చింది. అది 1863 నాటి గెటిస్‌బర్గ్ యుద్ధం మీద నవల. ఇక్కడ నాకొక పేచీ ఉంది. అసలు చరిత్రలో ఓడిన దక్షిణాదివాళ్లు పోరాడింది బానిసత్వాన్ని నిలబెట్టుకోడానికి. వీడన్ ఆ నేరాన్ని శుభ్రంగా కడిగేసి, ఓడినవాడి పౌరుషాన్ని మాత్రం ఉంచుకున్నాడు. సౌకర్యమైన పనే. ఇంకోటి: ఆ కాలానికి అమెరికా సంస్కృతీ చైనా సంస్కృతీ కలిసిపోయాయంటాడు, అందరూ కోపమొస్తే చైనా భాషలో తిట్టుకుంటారు, ఓడలోని తొమ్మిది మందిలో చైనా మనిషి మాత్రం ఒక్కరూ లేరు. ఈ రెండూ తెలిసి కూడా నాకు ఈ కథ ఇష్టం. ఇష్టమైన చుట్టాల దోషాలు మనకి తెలియకనా!

ఎందుకిష్టమంటే, ఆ ఓడలో వంటగది ఉంది. అంతరిక్షం కథల్లో మనుషులు సాధారణంగా మెరిసే గదుల్లో నిలబడి మీటలు నొక్కుతుంటారు. ఇక్కడ ఒక పొడుగాటి బల్ల, చుట్టూ ఏ రెండూ జత కలవని కుర్చీలు, గోడల మీద చేత్తో వేసిన పూలతీగలు. రోజూ తినేది అచ్చుల్లో పోసిన ప్రొటీన్ ముద్ద. ఒకసారి బుక్ అనే పాస్టరు టికెట్ డబ్బుల్లో కొంతకి బదులు ఓ చిన్న పెట్టెలో తాజా స్ట్రాబెర్రీలు తెచ్చిస్తాడు. ఇంజిన్ చూసుకునే కేలీ ఒక పండు నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకుంటుంది. కెమెరా ఆమె మొహం మీదే ఆగుతుంది. కథ అక్కడ అంగుళం ముందుకి కదలదు. పైలట్ వాష్ ఇంకో రకం. అతని ముందు డాష్‌బోర్డు మీద ప్లాస్టిక్ డైనోసార్లుంటాయి. ఓడ గాల్లో ఉండగా వాటితో నాటకం ఆడిస్తుంటాడు, రెండిటికీ తనే గొంతు మార్చి డైలాగులు చెబుతూ. దీనివల్ల కూడా కథకి ఒరిగేదేం లేదు. అప్పు తీరదు, పెట్రోలుకి డబ్బుల్లేవు, చేసేవి చిల్లర దొంగతనాలు, వాటిలోనూ సగం బెడిసికొడతాయి. కూర్చుని తింటారు, దెబ్బలాడుకుంటారు, పడుకుంటారు. పద్నాలుగు ఎపిసోడ్లయ్యేసరికి వాళ్లతో మనకి కథకన్నా గట్టిదొకటి ఏర్పడుతుంది. చుట్టరికం అందామంటే ఎక్కువ, పరిచయం అందామంటే తక్కువ.

2003 డిసెంబరులో డీవీడీలు వచ్చాయి. వరస సరిచేశారు, ఫాక్స్ వెయ్యని మూడు ఎపిసోడ్లూ కలిపారు. అవి పచారీ సరుకుల్లా అమ్ముడుపోయాయి. ఆ లెక్క చూసి యూనివర్సల్ స్టూడియో సినిమాకి డబ్బు పెట్టింది. చచ్చిన సీరియల్‌కి సినిమాగా పునర్జన్మ! 2005 సెప్టెంబరు 30న ‘సెరెనిటీ’ విడుదలైంది.

ఆగిపోయినదాన్ని పూర్తిచెయ్యడం మనవాళ్లకి కొత్త కాదు. నన్నయ భారతాన్ని అరణ్యపర్వం మధ్యలో వదిలేశాడు. తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి ఎత్తుకుని చివరిదాకా రాసుకుపోయాడు. నడుమ మిగిలిపోయిన ఆ ముక్కని ఎర్రన పూరించాడు. నన్నయ గొంతుతో మొదలెట్టి తిక్కన గొంతులోకి ఎక్కడ జారుకున్నాడో తెలియనివ్వలేదని పెద్దలంటారు. కృతి కూడా నన్నయ రాజైన రాజరాజనరేంద్రుడి పేరనే ఉంచాడు. ఎర్రనకి ఉన్న వెసులుబాటు ఏమిటంటే, పాండవుల కథ తెలియని పాఠకుడు ఆ కాలంలో లేడు. వీడన్‌కి అది లేదు. తన నన్నయా తన ఎర్రనా తనే అవాలి. హాల్లో కూర్చున్నవాళ్లలో సగంమందికి అరణ్యపర్వం దాకా కంఠతా వచ్చు, మిగతా సగానికి ధర్మరాజెవరో తెలియదు. ఇద్దరూ అదే టికెట్ కొన్నారు. ఇద్దర్నీ రెండు గంటల్లో ఇంటికి పంపాలి.

నేను ఆ సినిమా న్యూజెర్సీలో చూశాను. సాఫ్ట్‌వేర్ కాంట్రాక్టు మీద ముగ్గురు తెలుగువాళ్లం ఒక అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లం. ఇద్దరం డీవీడీలు అరగదీసినవాళ్లం. మూడోవాడు గుంటూరు కుర్రాడు, చిరంజీవి సినిమాలు తప్ప వేరే నియమం పెట్టుకోనివాడు, శుక్రవారం రాత్రి ఇంట్లో ఒక్కడూ ఏం చేస్తాడని మాతో వచ్చాడు. హాల్లో నారింజరంగు ఊలు టోపీలు కనబడ్డాయి. సీరియల్లో జేన్ అనే మోటుమనిషికి వాళ్లమ్మ అల్లి పంపిన టోపీ అది. చెవుల మీదికి వేలాడుతూ, చూడ్డానికి ఘోరంగా ఉంటుంది. ఆ ఎపిసోడు ఫాక్స్ వెయ్యనివాటిలో ఒకటి. అంటే ఆ టోపీలవాళ్లంతా డీవీడీ కొనుక్కుని, ఊలు కొనుక్కుని, అల్లుకునో అల్లించుకునో వచ్చినవాళ్లు. ‘ఏంటి గురూ, చలి ఇంకా మొదలవలేదుగా?’ అన్నాడు గుంటూరాయన.

సినిమా మొదటి పది నిమిషాలూ మటుకు ఎవరైనా పాఠంగా చెప్పుకోవచ్చు. యూనివర్సల్ వాళ్ల గుర్తులో తిరిగే భూగోళమే కథలోని పాడైపోయిన భూమి అవుతుంది, దాన్నుంచి ఓడలు లేచిపోతాయి. ఆ చరిత్ర చెబుతున్నది బళ్లో పంతులమ్మ. ఆ బడి, రివర్ అనే అమ్మాయి మెదడు మీద ప్రయోగాలు చేస్తుంటే ఆమెకొచ్చిన కల. ఆమెని అన్న సైమన్ తప్పించుకుపోవడం, ప్రభుత్వపు మనిషొకడు తర్వాత తిప్పి చూసుకుంటున్న రికార్డింగు. మూడు తలుపులు తెరుచుకుంటూ లోపలికి పోయేసరికి కొత్తవాడికి కావలసిన చరిత్రంతా తెలిసిపోతుంది. ఆ తర్వాత ఓడ. దిగుతుండగా పైనుంచి ఒక రేకు ఊడి పడిపోతుంది. మాల్ పైలట్ గదిలోంచి బయల్దేరి, కనబడ్డవాళ్లందరితోనూ తగువు పెట్టుకుంటూ ఓడ అంతా నడుస్తాడు. కెమెరా కోత కనిపించకుండా నాలుగు నిమిషాలకి పైగా అతని వెంటే తిరిగి తిరిగి, కింద పడుకుని చెవులు రిక్కించిన రివర్ దగ్గర ఆగుతుంది. గుంటూరాయన ఆ నడక పూర్తయ్యేలోపు అందరినీ పట్టేశాడు. ఎవడు దుడుకు, ఎవరు ఎవరి పెళ్లాం, ఎవరికి ఎవరంటే పడదు, అన్నీ.

నాకు మాత్రం అప్పుడే ఏదో వెలితి తగిలింది. సీరియల్లో సైమన్ చెల్లెల్ని తనే వెళ్లి ఎత్తుకురాలేదు. ఉన్న డబ్బంతా పోసి ఎవరిచేతో బయటికి తెప్పించుకున్నాడు. పిరికితనానికీ ప్రేమకీ మధ్య నలిగే డాక్టరు అతను. సినిమాలో హీరోలా వేషం కట్టి తనే దిగాడు. రెండు గంటల్లో చెప్పాలంటే మనుషుల్ని కాస్త సాపు చెయ్యక తప్పదు. బల్ల, కుర్చీలు, పూలతీగలు మళ్లీ కట్టారు గానీ, దానిచుట్టూ ఊరికే కూర్చోడానికి ఎవరికీ తీరిక లేదు.

జవాబులు చెప్పాల్సిన బాధ్యత కూడా సినిమా మీదే పడుతుంది. సీరియల్లో రీవర్లు అని నరమాంసం తినే ఉన్మత్తులున్నారు. వాళ్లెవరంటే, మనుషులే, అంతరిక్షం చివరిదాకా పోయి ఆ శూన్యాన్ని చూసి పిచ్చెక్కినవాళ్లని చెప్పుకుంటారు. అంతకుమించి లేదు. ఆ చెప్పీచెప్పకపోవడమే భయం. సినిమా లెక్క తేల్చేసింది. మిరాండా అనే గ్రహంలో మనుషుల కోపతాపాలు తగ్గిద్దామని అలయన్స్ గాలిలో ఒక మందు కలిపింది. మందు పనిచేసింది. దెబ్బలాడుకోవడం మానేశారు, తర్వాత పని మానేశారు, మాట్లాడుకోవడం, తినడం, చివరికి ఊపిరి పీల్చడం మానేశారు. 3 కోట్లమంది కుర్చీల్లో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే పోయారు. వెయ్యిమందిలో ఒకరికి మందు తిరగబడి, వాళ్లు రీవర్లయ్యారు. జనాన్ని మంచివాళ్లుగా మారుద్దామనే సర్కారు ఏం చెయ్యగలదో ఇంత గట్టిగా చూపిన సైన్స్ ఫిక్షన్ సినిమాలు తక్కువ. చివెటెల్ ఎజియోఫోర్ వేసిన ప్రభుత్వపు మనిషికి అసలు పేరే లేదు, ద్వేషం అంతకన్నా లేదు. పాపం లేని లోకం రావాలంటాడు, అందులో తనలాంటి హంతకుడికి చోటుండదని కూడా తనే అంటాడు. ఈ ముక్క సీరియల్‌కి అందని ఎత్తు, ఒప్పుకుంటాను. కానీ రీవర్లంటే భయం పోయింది. కారణం తెలిసిన రోగం అయ్యారు వాళ్లు.

ఇక వాష్ సంగతి. సినిమా వచ్చి ఇరవయ్యేళ్లు దాటింది, దాచడానికేం లేదు. ఒకపక్క రీవర్ల నౌకలు, ఒకపక్క అలయన్స్ నౌకలు, వాటి మధ్యనుంచి కరెంటు పోయిన ఓడని చేతిబలంతో నడిపి దింపుతాడు. దిగింది, గీసుకుంటూ పోయి ఆగింది. హమ్మయ్య అని హాలంతా వెనక్కి వాలింది. అతను నవ్వుతూ ఏదో అనబోతుండగా అద్దం పగలగొట్టుకుని బల్లెంలాంటిదొకటి వచ్చి గుండెలో దిగింది. చివరి మాటలుండవు, సంగీతం వాయించరు. భార్య జోయీ లెమ్మని అతన్ని కుదుపుతుంటే మాల్ ఆమెని ఇవతలికి లాగుతాడు, మరుక్షణం రెండో బల్లెం వస్తుంది. ఏడవడానికి సినిమా సమయమివ్వదు.

హాల్లో ఊలు టోపీల వరసల్లోంచి అరుపు లేచింది. దెబ్బ తగిలినవాడి అరుపు. మిగతావాళ్లు సీట్లలో ఒక్కసారి ఉలిక్కిపడి, వెంటనే తర్వాతి పోరాటంలో పడిపోయారు. గుంటూరాయన రెండో రకం. ‘మంచి షాట్’ అన్నాడు. నిజమే, మంచి షాటే. అతనికి వాష్ తెలిసి గంటన్నర. నా పక్కనున్న రూమ్మేటు మిగతా సినిమా చూసినట్టు లేదు. ఇంటికొచ్చాక కూడా, ‘డైనోసార్లేవయ్యాయో చూపించలేదు’ అన్నాడు. ఒకే రీలు మీద రెండు సినిమాలు ఆడాయి ఆ రాత్రి.

ఆ మరణం అన్యాయమని వీడన్‌ని తిట్టినవాళ్లు కోకొల్లలు. నాకు అది దర్శకుడి తెలివే అనిపిస్తుంది. అంత ముఖ్యమైనవాడే పోతే ఇక ఎవరైనా పోవచ్చని చివరి పావుగంటలో కుర్చీ అంచుకి వస్తాం. కానీ ఆ తెలివికి చెల్లింపు ఎవరి జేబులోంచి వచ్చిందో చూడండి. డీవీడీలు కొని, స్నేహితులకి పంచి, ఈ సినిమా తీయించింది ఎవరు? వాళ్లడిగింది ఇంకొన్నాళ్లు ఆ బల్ల దగ్గర కూర్చోనిమ్మని. సినిమా దగ్గర లేనిదల్లా ఆ కొన్నాళ్లే. దాని దగ్గరున్నది ముగింపు, అదే ఇచ్చింది. పాస్టరు బుక్‌ని కూడా తీసుకుపోయింది.

డబ్బుపరంగా కూడా ఓటమే. ఖర్చు దాదాపు 3.9 కోట్ల డాలర్లు, ప్రపంచమంతా కలిపి టికెట్ల మీద వచ్చింది అటూ ఇటూగా అంతే. మొదటి వారాంతం జోడీ ఫోస్టర్ ‘ఫ్లైట్‌ప్లాన్’ తర్వాత రెండో స్థానం. హ్యూగో బహుమతి వచ్చింది, నెబ్యులా వచ్చింది, రెండో భాగం రాలేదు. 2007 జూన్‌లో స్టీవెన్ స్వాన్సన్ అనే వ్యోమగామి అట్లాంటిస్ షటిల్‌లో వెళుతూ ఈ సీరియల్, సినిమా డీవీడీలు వెంట తీసుకెళ్లి అంతరిక్ష కేంద్రంలో వదిలొచ్చాడు. ఫాక్స్ దగ్గర చోటు దొరకని ఓడకి కక్ష్యలో దొరికింది.

మనకీ ఇలాంటిదొకటుంది, తలకిందులుగా. జెమినీలో 2001 నుంచి 2007 దాకా ఆదివారం ఆదివారం ‘అమృతం’ వచ్చేది. మన సీరియళ్ల మధ్య అదే వింత, వారానికొకసారే వచ్చి, నవ్వించి, సెలవు పుచ్చుకునేది. అమృతరావు వేషం శివాజీరాజా నుంచి నరేష్‌కి, నరేష్ నుంచి హర్షవర్ధన్‌కి మారినా ఎవరూ కోర్టుకెక్కలేదు. ఆ హోటలు ఉంది, ఆంజనేలుగా గుండు హనుమంతరావు ఉన్నాడు, ఇంటి ఓనరు ఉన్నాడు, చాలు. 2014లో గుణ్ణం గంగరాజు ‘చందమామలో అమృతం’ తీసి, హోటల్ని ఏకంగా చంద్రుడి మీద పెట్టించాడు. సైన్స్ ఫిక్షన్ అని పేరుకే, మనసంతా ఇడ్లీ మీదే. నేను నవ్వాను గానీ మధ్యలో ఊరు గుర్తొచ్చింది. అమృతం మనకి చంద్రుడి మీద అక్కర్లేదు, ఆదివారం రాత్రి అన్నం తింటుంటే కావాలి. 2020లో మళ్లీ వచ్చింది, ఓటీటీలో. అప్పటికి హనుమంతరావు లేరు. ఫైర్‌ఫ్లై మళ్లీ తియ్యాలనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. బుక్ వేషం వేసిన రాన్ గ్లాస్ 2016లో పోయాడు. తీస్తే ఏం తీస్తారో నాకు తెలియదు గానీ, ఆ బల్ల దగ్గర కుర్చీలు లెక్కకి తక్కువ పడతాయి.

మొన్న సెలవులకి మా అక్క కొడుకు వచ్చాడు, బీటెక్ కుర్రాడు. ముందు సినిమా చూశాడు. వద్దు, ముందు సీరియల్ చూడమన్నాను, వినలేదు. విలన్ అదిరాడన్నాడు. వాష్ పోయినప్పుడు ‘అయ్యో’ అని ఫోను చూసుకున్నాడు. మర్నాడు సీరియల్ పెట్టాడు. గొంతులు కీచుగా వినబడుతున్నాయేమిటా అని వెళ్లి చూస్తే, ఒకటిన్నర స్పీడు. కేలీ పండు కొరికి, కళ్లు మూసి, తెరిచేసింది.

‘ఏరా, మామూలుగా చూడకూడదూ?’

‘స్లోగా ఉంది మావయ్యా. ఊరికే తింటూ కూర్చుంటున్నారు.’

ఫాక్స్‌వాళ్లు ఉద్యోగమిస్తారు వీడికి.

‘ఇంతకీ వాష్ ఎన్నో ఎపిసోడ్‌లో పోతాడు?’

‘ఇందులో పోడు.’

‘మరి చివర్లో ఏమవుతుంది?’

‘ఏమీ అవదు. ఆగిపోతుంది.’

వాడికి నమ్మకం చిక్కలేదు. పద్నాలుగోదానికి వెళ్లి, దాన్ని కూడా చివరిదాకా జరిపాడు. నేల మీద చతికిలబడి కేలీ, రివర్ బంతి ఎగరేస్తూ గచ్చకాయలాడుతున్నారు.

‘మావయ్యా, ఇది సగమే డౌన్‌లోడ్ అయినట్టుంది’ అన్నాడు.